డిప్రెషన్‌కు సెరటోనిన్ తగ్గడమే కారణమని రోగులకు ఇంకా చెప్పవచ్చునా?

పెన్నాతీరం (బన్నేరుఘట్ట రోడ్డు, బెంగళూరు):

2022 జూలైలో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన జొవానా మాంక్రీఫ్ బృందం ‘మాలిక్యులర్ సైకియాట్రీ’ పత్రికలో ఒక సమీక్ష ప్రచురించింది. అంతకుముందు జరిగిన పరిశోధనలను ఆరు కోణాల్లో పరిశీలించి, మెదడులో కణాల మధ్య సందేశాలు చేరవేసే సెరటోనిన్ అనే రసాయనం తగ్గడం వల్లనే డిప్రెషన్ వస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని తేల్చింది. వార్త పాతబడింది కానీ దాని చుట్టూ పుట్టిన ప్రచారం పాతబడలేదు. ‘డిప్రెషన్ మాత్రలు పనిచేయవని శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారు’ అనే సందేశం మా అపార్ట్‌మెంటులోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య మళ్లీ తిరిగింది. కొడుకు దగ్గర ఉందామని అనంతపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన అది చదివి, ఏళ్ల తరబడి వేసుకుంటున్న మాత్రను ఎవరికీ చెప్పకుండా మానేశారు. తల తిరుగుడు, నిద్రలేమి, అకారణంగా కోపం మొదలయ్యాక గానీ ఇంట్లోవాళ్లకు సంగతి తెలియలేదు.

ఆ సందేశం తప్పుదారి పట్టించేదే. మాంక్రీఫ్ బృందం ఆ సమీక్షలో పరిశీలించింది జబ్బుకు కారణాన్ని. మందు పనిచేస్తుందా లేదా అన్నది అందులో పరీక్షించిన విషయమే కాదు. దాన్ని పరీక్షించిన పెద్ద విశ్లేషణ 2018లో ‘లాన్సెట్’లో వచ్చింది. 522 ప్రయోగాలు, 1,16,477 మంది, 21 మందులు. అన్నీ మందు లేని ఉత్తుత్తి మాత్ర (ప్లాసిబో) కంటే మెరుగ్గానే పనిచేశాయి. అయితే తప్పంతా చదివినవాళ్ల మీదకు నెట్టడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. షుగర్ ఉన్నవాళ్లకు ఇన్సులిన్ ఇచ్చినట్టే మెదడులో తగ్గిన రసాయనాన్ని ఈ మాత్ర భర్తీ చేస్తుందని ఆ పెద్దాయనకు డాక్టరు మొదట్లోనే చెప్పారు. అసలు ఆ తగ్గుదలకే ఆధారం లేదని చదివిన మనిషి, మరి మాత్ర దేనికని అనుకోవడం తెలివితక్కువతనం ఎలా అవుతుంది? తనకు చెప్పిన తర్కాన్నే ఆయన చివరిదాకా పాటించారు. అందువల్ల డాక్టర్లు ఈ వివరణను ఇక మానుకోవాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

మల్లెపందిరి (మారతహళ్ళి):

పెన్నాతీరం గారూ, మీ బాధ అర్థమైంది కానీ మీ నిర్ణయంతో నేను ఏకీభవించలేను. మా వారికి డిప్రెషన్ వచ్చినప్పుడు మా అత్తగారు కడప నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. ‘వాడికేం తక్కువైంది? ఉద్యోగముంది, ఇల్లుంది, బంగారం లాంటి పిల్లలున్నారు’ అన్న మాట రోజూ వినాల్సి వచ్చేది. దిష్టి తీయించారు, తాయెత్తు కట్టించారు, చివరికి నా జాతకం కూడా చూపించారు. డాక్టరుగారు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, ‘అమ్మా, మీ అబ్బాయి మెదడులో ఒక రసాయనం తగ్గింది, అది మాత్రతో సరిచేస్తాం’ అన్న తరువాత గానీ ఆ ఇల్లు కుదుటపడలేదు. మర్నాటి నుంచి రాత్రి భోజనమయ్యాక మంచినీళ్ల గ్లాసు, మాత్ర ఆమే తెచ్చి ఇచ్చేవారు.

ఆ ఒక్క వాక్యం మా వారిని సోమరి అన్న నింద నుంచి, నన్ను ఇంటికి అచ్చిరాని కోడలు అన్న నింద నుంచి తప్పించింది. శాస్త్రం పూర్తిగా తేల్చని విషయాన్ని సులువు చేసి చెప్పడం నేరమైతే, ఆ వాక్యం లేని రోజుల్లో మేము పడినదాన్ని ఏమనాలి? లండన్‌లో కూర్చుని సమీక్ష రాసేవాళ్లకు మా అత్తగారితో వాదించాల్సిన అవసరం రాదు. ఆమెకు సగం సగం సందేహాలు చెప్పి ఉంటే మేము ఆసుపత్రికి వెళ్లడం ఆ రోజుతోనే ఆగిపోయేది.

తూర్పుగాలి (జయనగర్):

ఆ సమీక్ష వెలువడినప్పుడు మానసిక వైద్యులు పలువురు ఇచ్చిన జవాబు నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. ‘ఇందులో కొత్తేముంది, సెరటోనిన్ ఒక్కటే కారణమని నిపుణులెవరూ అనుకోవడం లేదు’ అన్నారు. నిపుణులకు ముందే తెలిస్తే రోగికి ఎందుకు చెప్పలేదు? సెరటోనిన్ మీద పనిచేసే డిప్రెషన్ మందు ఫ్లూఓక్సెటీన్‌కు అమెరికాలో అనుమతి లభించింది 1987 చివర్లో. ఆ తరువాతి దశాబ్దాల్లో రసాయన లోపమన్న కథ ప్రకటనల్లోకీ కరపత్రాల్లోకీ ఎక్కింది, జనం దాన్ని నిజమనుకున్నారు. వృత్తిలో ఉన్నవాళ్లు తమలో తాము ఒక మాట, రోగితో మరో మాట మాట్లాడుతూ వచ్చారన్నది బయటపడినప్పుడు జనానికి కోపం రావడం సహజం. వాట్సాప్ సందేశాలకు బలం ఆ కోపం నుంచే వస్తోంది.

‘లాన్సెట్’ విశ్లేషణను కూడా పూర్తిగా చెప్పుకోవాలి. మందుకూ ఉత్తుత్తి మాత్రకూ మధ్య సగటు తేడా స్వల్పం. ఆ ప్రయోగాల్లో ఎక్కువ భాగం ఎనిమిది వారాల పాటు జరిగినవే, మన చుట్టుపక్కల వేసుకునేవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి వేసుకుంటున్నారు. తీవ్రత తక్కువగా ఉన్న డిప్రెషన్‌కు మాత్రలను మొదటి చికిత్సగా మామూలుగా ఇవ్వవద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 జూన్‌లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. ఆఫీసులో ఒత్తిడిగా ఉందని వెళ్లిన కుర్రవాడికి పది నిమిషాల్లో మాత్ర రాసి పంపేటప్పుడు ఈ సంగతి ఎవరైనా చెబుతున్నారా?

నల్లరేగడి (ఎలక్ట్రానిక్ సిటీ):

నాది మందుల షాపు. సిద్ధాంతం సంగతి పెద్దలు తేల్చండి, నేను కౌంటరు దగ్గర చూసేది చెబుతాను.

మా దగ్గర ఎక్కువగా పోయే డిప్రెషన్ మాత్ర ఎస్సిటాలోప్రామ్. చాలా చీటీల్లో అది ఒక్కటే ఉండదు, ఆందోళన తగ్గించే క్లోనజెపామ్‌తో కలిపిన మాత్రగా ఉంటుంది. తాము వేసుకుంటున్న ఒక్క మాత్రలో రెండు మందులున్నాయని కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. పది మాత్రల స్ట్రిప్‌ను సగానికి కత్తిరించి ఇమ్మంటారు. పేరు, గడువు తేదీ ఉన్న ముక్క ఒకరికి వెళితే, వెండి రేకు తప్ప ఏమీ లేని ముక్క ఇంకొకరికి వెళుతుంది. ఫోనులో వచ్చిన సందేశం చూపించి, ‘అన్నా, ఇది మానేయొచ్చంట కదా’ అని అడిగేవాళ్లు వస్తారు. వాళ్లు డిప్రెషన్ మాత్ర మానేస్తున్నామనుకుంటారు, దాంతో పాటు క్లోనజెపామ్ కూడా ఒక్కసారిగా ఆగిపోతుంది. చాలాకాలం వాడిన క్లోనజెపామ్‌ను ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు.

పరాక్సెటీన్, వెన్లాఫాక్సిన్ లాంటి డిప్రెషన్ మందులు ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోతాయి గనుక ఆపినప్పుడు ఇబ్బంది ఎక్కువ. తలలో కరెంటు షాక్ కొట్టినట్టుందని వచ్చి చెబుతారు. మందు మానిన ఇబ్బందినే జబ్బు తిరగబెట్టిందని కొందరు భయపడతారు. నిజంగానే తిరగబెడితే, అది మందు మానిన ఇబ్బందేలే అని సరిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ ప్రమాదమే. మానాలనుకోవడం తప్పు కాదు, అది వాళ్ల హక్కు. కానీ డోసు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, అదీ మందు రాసిన డాక్టరు చూస్తుండగా జరగాలి. దయచేసి సొంతంగా ఆపకండి.

గోరింట (విల్సన్ గార్డెన్):

క్లినికల్ సైకాలజిస్టుగా ఈ ప్రశ్న నాకు వారంవారం ఎదురవుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఈ సిద్ధాంతం ఎలా పుట్టిందో తెలిస్తే దాని బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. 1950ల తొలి నాళ్లలో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే మందు ఇస్తే వాళ్లలో కొందరికి అనూహ్యంగా ఉత్సాహం వచ్చింది. ఆ కాలంలోనే మన సర్పగంధ వేరు నుంచి తీసిన రెసర్పిన్‌ను రక్తపోటుకు వాడితే కొందరు దిగులులో పడ్డారు. మొదటిది మెదడులో సెరటోనిన్ వంటి రసాయనాలను పెంచుతుంది, రెండోది తగ్గిస్తుంది. దాంతో ఈ రసాయనాలు తగ్గడమే జబ్బుకు మూలమై ఉండవచ్చని 1960లలో శాస్త్రవేత్తలు ఊహించారు. మందు పనిచేసే తీరును బట్టి జబ్బు కారణాన్ని వెనక్కి నడిచి ఊహించారన్నమాట. పరిశోధన చేయడానికి అది మంచి ఊహే, రోగికి నిర్ధారణగా చెప్పేటంత రుజువు మాత్రం కాదు. 2022 సమీక్షే చివరి మాట అని కూడా అనలేం. ఆ సమీక్ష పద్ధతిలో లోపాలున్నాయని, సెరటోనిన్ పాత్రను పూర్తిగా కొట్టిపారేయలేమని మరికొందరు పరిశోధకులు 2023లో అదే పత్రికలో రాశారు.

మల్లెపందిరి గారి అనుభవాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో మానసిక సమస్యలున్నవాళ్లలో చికిత్స అందనివారు, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. ఒక వాక్యం ఒక కుటుంబాన్ని ఆసుపత్రి గడప దాటించిందంటే అది చిన్న సంగతి కాదు. కానీ ఆ వాక్యం రోగి మనసులో ఏం చేస్తుందో కూడా పరిశోధించారు. అంతకుముందు డిప్రెషన్‌ను అనుభవించిన కాలేజీ విద్యార్థులకు ఒక ఉత్తుత్తి పరీక్ష చేసి, కొందరికి ‘మీకు రసాయన లోపం ఉంది’ అని చెప్పారు. 2014లో వెలువడిన ఆ ప్రయోగంలో వాళ్ల ఆత్మనింద తగ్గలేదు సరికదా, ఇక తాము కోలుకోలేమన్న నిరాశ, మనసును తామే చక్కదిద్దుకోలేమన్న భావన పెరిగాయి. ‘ఒంట్లోనే లోపముంటే మాట్లాడితే ఏమొస్తుంది మేడమ్?’ అని కౌన్సెలింగ్‌ను మధ్యలో వదిలేసినవాళ్లను నేను చూశాను. ఇంట్లోవాళ్ల నింద తగ్గించిన మాటే రోగికి ఆశ తగ్గించవచ్చు.

ఇంకో సంగతి కూడా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం జబ్బు స్వభావం, ఇవ్వబోయే చికిత్స, దాని దుష్ప్రభావాలు తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు రోగికి ఉంది. బెంగళూరులో మనవాళ్లకు ఈ హక్కు కాగితం మీదే మిగులుతోంది. డాక్టరు కన్నడంలోనో ఇంగ్లీషులోనో చెబుతారు, కొడుకు తెలుగులో రెండు ముక్కల్లో తేల్చేస్తాడు, పెద్దవాళ్లు తల ఊపి వచ్చేస్తారు. ఆ ఖాళీని తరువాత వాట్సాప్ నింపుతుంది. అనుమానం వచ్చినవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే అడగవచ్చు.

నేను చెప్పే మాట ఇది: ‘ఇది నిజమైన జబ్బు, మీ బలహీనత కాదు. ఎందుకు వస్తుందో పూర్తిగా తెలియదు, కారణాలు అనేకం. ఈ మాత్ర చాలామందికి ఊరటనిస్తుంది, అందరికీ కాదు. ఆపాలనిపిస్తే నాకు చెప్పండి, మందు రాసిన డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గిద్దాం.’ ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

తూర్పుగాలి (జయనగర్):

ఈ నాలుగు వాక్యాల్లో నాకు అభ్యంతరం ఉన్నది ఒక్కటీ లేదు. మందు రాసే ప్రతి గదిలోనూ ఇవి వినిపించి ఉంటే నేను ఇంత ఘాటుగా రాసేవాణ్ణి కాదు. మానడం గురించి కూడా లెక్కలున్నాయి. మాత్రలు ఆపినవాళ్లలో సుమారు 31 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగిందని, ఉత్తుత్తి మాత్ర ఆపినవాళ్లలోనూ 17 శాతం మంది అదే చెప్పారని 2024లో ‘లాన్సెట్ సైకియాట్రీ’ విశ్లేషణ తేల్చింది. రెండు అంకెలూ మొదటి రోజే చెబితే మాత్ర మొదలుపెట్టడానికీ ఆపడానికీ కూడా భయం తగ్గుతుంది.

మల్లెపందిరి (మారతహళ్ళి):

గోరింట గారూ, రుజువు కాని కారణాన్ని రుజువైనట్టు చెప్పకూడదన్న మాట ఒప్పుకుంటున్నాను. ఆ విద్యార్థుల ప్రయోగం నాకు కొత్త సంగతి. ఆ నిరాశ మా వారిలోనూ ఉందేమోనని ఆయననే అడుగుతాను. కానీ మీ రెండో వాక్యంతోనే నాకు పేచీ. ‘ఎందుకు వస్తుందో పూర్తిగా తెలియదు’ అని డాక్టరు అన్న క్షణాన మా అత్తగారు ‘మాకు తెలుసు’ అని లేచేవారు. ఊళ్లో ఆ కారణం చెప్పడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు చాలామంది. కాబట్టి ముందు జబ్బు నిజమని, మాత్ర ఊరటనిస్తుందని చెప్పండి; మనిషి కాస్త తేరుకుని ఇంట్లోవాళ్లకు నమ్మకం కుదిరాక కారణం సంగతి చెప్పండి.

గోరింట (విల్సన్ గార్డెన్):

క్రమం మార్చడానికి నాకు అభ్యంతరం లేదు, కొన్ని కుటుంబాలతో అలాగే చేస్తాను కూడా. అయితే ‘ఎందుకొచ్చింది డాక్టర్?’ అని మొదటి రోజే అడిగేవాళ్లు ఎక్కువ. అడిగినప్పుడు మాత్రం వాయిదా వేయను, మీ అత్తగారు ఎదురుగా ఉన్నా సరే. ‘మాకు తెలుసు’ అని ఆమె లేచి నిలబడితే, కూర్చోబెట్టి ఆమెకు తెలిసిందేమిటో ముందు పూర్తిగా వింటాను. రెండు నిమిషాల మాటకు ఇరవై నిమిషాలు పట్టేది అక్కడే, ఓపీ వరుసలో దొరకనిదీ ఆ సమయమే.