కవర్ బొమ్మకు ఏఐ వద్దని అగ్రిమెంట్‌లో ఎలా రాయించుకోవాలి?

అందరికీ నమస్కారం. నా కథల సంపుటి ప్రింటుకు వెళ్లబోతోంది. కథల్లో ఒక్క వాక్యం కూడా ఏఐతో రాయించలేదు, రాయించను కూడా. అక్షరదోషాలు చూసుకోవడానికి వాడితే నాకు పట్టింపు లేదు. పేచీ అంతా కవర్ దగ్గరే వచ్చింది.

ఖర్చు కలిసొస్తుందని పబ్లిషర్ గారు ఏఐతో బొమ్మ చేయించి పంపారు. పైకి బాగానే ఉంది. దగ్గరగా చూస్తే ముసలమ్మ పైట కుడి భుజం మీదుంది, వెనక తాటిచెట్టుకు కొబ్బరిగెలలు! దిద్దించి ఇస్తామన్నారు. దిద్దినా నాకు మనసొప్పదు. ఇలాంటి మోడల్స్‌కి ఎందరో ఆర్టిస్టుల బొమ్మలు అడక్కుండానే మేపారు. రేపు నా కథలకూ అదే గతి పట్టొచ్చు.

2023లో హాలీవుడ్ రచయితలు సమ్మె చేసి, కంపెనీ ఇచ్చే మెటీరియల్‌లో ఏఐ రాసింది ఉంటే ఆ సంగతి చెప్పి తీరాలని ఒప్పందంలో పెట్టించుకున్నారు. వాళ్లకి యూనియన్ ఉంది, మనకేముంది?

ఇంకో డౌటు. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 2(డి) ప్రకారం, కంప్యూటర్‌తో తయారైన కృతికి దాన్ని చేయించినవారే కర్త. మరి ఈ బొమ్మ హక్కు పబ్లిషర్‌దా, డిజైనర్‌దా?

కవర్‌కీ, అనువాదానికీ, ఆడియోకీ ఏఐ వాడకూడదని, కథల్ని ఏఐ ట్రైనింగ్‌కి ఇవ్వకూడదని ఎవరైనా తెలుగు అగ్రిమెంట్‌లో రాయించుకున్నారా? ఆ క్లాజు కాస్త ఇక్కడ పెట్టగలరా? చేత్తో కవర్ వేసే ఆర్టిస్టులు ఇప్పుడు ఎంత తీసుకుంటున్నారు? అందులో సగం నేనే పెట్టుకుంటానని చెబుదామనుకుంటున్నాను. పబ్లిషర్ మంచాయనే, గొడవ పడాలని లేదు.