యూనివర్సిటీల్లో చేసే పరిశోధన మామూలు మనిషి దాకా వస్తోందా?

తూరుపుగాలి:
సూటిగా అడుగుతున్నాను, ఎవరూ మనసు కష్టపెట్టుకోవద్దు. మా అన్నయ్య ఆరేళ్లు కష్టపడి పీహెచ్‌డీ చేశాడు. థీసిస్‌కి నల్ల అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు. లైబ్రరీలో ఒక కాపీ, ఇంట్లో ఒక కాపీ. గైడు, పరీక్షకులు తప్ప దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. గైడుగారికి మాత్రం అందులోంచి నాలుగు పరిశోధన పేపర్లు వచ్చాయి, వాటితో ప్రమోషనూ వచ్చింది. ఆ ఆరేళ్లూ ఆయన క్లాసుకి వచ్చింది చాలా తక్కువట. జనం పన్నులతో నడిచే చోట, జనానికి ఏం ఉపయోగమో ముందే చెప్పగలిగిన పరిశోధనకే డబ్బివ్వాలి. ఇదీ నా వాదన. కాదంటారా?

చిట్టిచేమంతి:
కాదంటానండీ. నేను పిల్లల వార్డులో నర్సుని. విరేచనాలతో వాడిపోయి వచ్చిన బిడ్డకి మేం పట్టే ఓఆర్‌ఎస్ ఎక్కడ మొదలైందో చూడండి. రాబర్ట్ క్రేన్ అనే బయోకెమిస్ట్, చిన్నపేగు గోడలోంచి చక్కెర లోపలికి ఎలా వెళ్తుందో తెలుసుకోవాలనుకున్నారు. గ్లూకోజ్ ఒంటరిగా పోదు, సోడియంని వెంటబెట్టుకుని పోతుంది అని 1960లో చెప్పారు. విరేచనాలకి మందు కనిపెడదామని చేసిన పని కాదది. ఆ రెండూ లోపలికి వెళ్తే వాటి వెనకే నీళ్లూ వెళ్తాయి. కలరా వచ్చినా ఆ దారి మూసుకుపోదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లతో పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బనగాం ఊరు నిండిపోయింది. కలరా పాకింది. సెలైన్ అయిపోతోంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ కలకత్తాలో నడిపిన పరిశోధన కేంద్రం డాక్టరు దిలీప్ మహలనబిస్ అక్కడున్నారు. లీటరు నీళ్లకి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి డ్రమ్ముల్లో పోయించారు. రోగుల పక్కనున్న బంధువులే పట్టుకెళ్లి తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు, ఆయన చూసినవాళ్లలో నాలుగు లోపుకి దిగాయి. క్రేన్‌ని 1960లో నిలబెట్టి "దీనివల్ల జనానికేంటి?" అని అడిగి ఉంటే ఆయన ఈ డ్రమ్ముల సంగతి చెప్పగలిగేవారా?

ఎదురీత:
చేమంతి గారూ, మంచి ఉదాహరణే. కానీ గెలిచిన ఒక్కదాన్ని చూపించి మిగతా అన్నిటికీ డబ్బు అడగడం సరికాదు. ఆ ఏడాది అచ్చయిన మిగతా పేపర్లలో ఎన్ని జనం దాకా వచ్చాయి? పైగా నిజంగా పనికొచ్చేదాన్ని యూనివర్సిటీలే గుర్తించలేకపోతున్నాయి. ఎంఆర్‌ఎన్‌ఏ (ఏ ప్రొటీన్ తయారుచేయాలో కణానికి చెప్పే అణువు) మీద పనిచేసిన శాస్త్రవేత్త కాటలిన్ కరికోకి గ్రాంట్లు రావడం లేదని 1995లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆవిడ హోదా తగ్గించింది. పదేళ్ల తర్వాత డ్రూ వైస్‌మన్‌తో కలిసి ఆవిడ రాసిన పేపరే, 2020 చివర్లో వచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏ కోవిడ్ టీకాలకి ఆధారం. 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆవిడ పట్టు వదలకపోబట్టి సరిపోయింది. విసిగి వెళ్లిపోయినవాళ్ల లెక్క ఎవరి దగ్గరుంది?

తూరుపుగాలి గారూ, మీ రూలు పెట్టినా మొదట పోయేది ఇలాంటివాళ్లే, అది కూడా చూసుకోండి.

పాతపలక:
రిటైరైన లెక్చరర్‌ని. "ఉపయోగం" అంటున్నారు గానీ ఎవరికి ఉపయోగం అని అడగడం లేదు. నాకు బాధ కలిగించే ఉదాహరణ ఒకటి చెప్తాను. పెట్రోల్లో సీసం కలిపే రోజుల్లో అమెరికాలోని సిన్సినాటి యూనివర్సిటీలో రాబర్ట్ కెహో అనే డాక్టరు ఉండేవారు. ఆయన లాబొరేటరీకి డబ్బిచ్చింది ఆ సీసం తయారుచేసే కంపెనీలే. ఒంట్లో కొంత సీసం ఉండటం సహజమేననీ, ఒక హద్దు లోపల ప్రమాదం లేదనీ ఆయన దశాబ్దాల పాటు చెప్పారు. డబ్బిచ్చినవాళ్లకి అంతకంటే పనికొచ్చే పరిశోధన ఇంకేముంటుంది?

దాన్ని తప్పని తేల్చింది క్లెయిర్ ప్యాటర్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త. ఆయన చేస్తున్న పని ఎవరికీ అక్కర్లేనిదనిపించేదే: భూమి వయసు లెక్కకట్టడం. 1956లో 455 కోట్ల ఏళ్లని తేల్చారు. ఆ లెక్కకి రాళ్లలో సీసం కొలవాలి. కొలవబోతే గాలిలోంచి, దుమ్ములోంచి, చేతుల మీంచి సీసం వచ్చి పడుతూనే ఉంది. దాన్ని ఆపడానికి గదంతా తుడిచి, కడిగి, వచ్చే గాలిని వడకట్టి పనిచేయాల్సి వచ్చింది. ఇంత సీసం ఎక్కణ్ణుంచి వస్తోందని వెతుక్కుంటూ పోతే పెట్రోలు దగ్గర తేలింది. 1965లో అచ్చువేశారు. పరిశ్రమ నుంచి వచ్చే నిధులు ఆగిపోయినా వెనక్కి తగ్గలేదు. అమెరికా రోడ్ల మీద సీసం పెట్రోలు పూర్తిగా ఆగింది 1996లో. ప్రపంచంలో చివరిగా అల్జీరియా ఆపింది 2021లో. అన్నేళ్లు ఎంతమంది పిల్లలు ఆ గాలి పీల్చారో తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అందుకే జనం డబ్బుతో, ఎవరికీ జవాబుదారీ కాని ప్రశ్నలు వేసే మనిషి ఒకడు ఉండాలంటాను.

ఎదురీత:
జవాబుదారీ ఉండకూడదంటే ఒప్పుకోను మాస్టారూ. కెహో విషయంలో లోపించింది అదే కదా?

పాతపలక:
నిజమే, మాట సరిగ్గా పడలేదు. డబ్బిచ్చేవాడికి జవాబుదారీ కాకూడదు. తప్పుందేమో పరీక్షించే తోటివాళ్లకి, చదివే జనానికి తప్పకుండా కావాలి. ఆ లెక్కన జనం డబ్బుతో రాసిన పేపరు జనం డబ్బు కట్టకుండా చదువుకునేలా ఉండాలి.

తూరుపుగాలి:
సరే, "ముందే చెప్పగలిగిన" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్యాటర్సన్ సంగతి నాకు తెలియదు. కానీ రెండో మాట మీదే ఉన్నాను: పాఠం చెప్పడాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. పేపర్లు లెక్కపెడతారు, మంచి క్లాసుని లెక్కపెట్టరు. చేమంతి గారూ, క్రేన్ కనిపెట్టింది మీ చేతిదాకా ఎవరు తెచ్చారు?

చిట్టిచేమంతి:
మా ట్యూటర్ మేడమ్ అండీ. పేగు గోడ బొమ్మ బోర్డు మీద వేసి, గ్లూకోజ్‌కి ఒక చెయ్యి, సోడియంకి ఒక చెయ్యి గీసి, రెండూ పట్టుకుని గుమ్మం దాటుతున్నట్టు చూపించారు. మర్నాడు వార్డుకి తీసుకెళ్లారు. బిడ్డ బొడ్డుకీ పొట్ట పక్కభాగానికీ మధ్య చర్మాన్ని మడతపట్టి వదలమన్నారు. వెంటనే సర్దుకుంటే సరే. రెండు సెకన్లు దాటినా మడత అలాగే ఉండి, బిడ్డ మగతగా కూడా ఉంటే చెంచా పక్కన పెట్టి సెలైన్‌కి పరుగెత్తాలి. తాగగలిగే బిడ్డయితే నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా. కక్కాడని తల్లి భయపడి ఆపేస్తుంది, అక్కడే బిడ్డ చెయ్యి దాటిపోతాడు. పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టించమని తల్లి పక్కన కూర్చుని చెప్పాలి అనేవారు.

ఆవిడ పేరు మీద ఒక్క పేపరు కూడా లేదు. ప్రమోషన్ రాకుండానే రిటైరయ్యారు. ఇప్పుడు మా వార్డుకి వచ్చే స్టూడెంట్ల చేత నేనూ ఆ మడత పట్టిస్తున్నాను, ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టమని.