క్యాష్ మన కాసేనా?

కావలి: మా పాప నిన్న అడిగింది, క్యాష్ అనే మాట ఎక్కడిదమ్మా అని. మన కాసే అని చెప్పేశాను. వాళ్ళ టీచర్ ఫ్రెంచి మాట అన్నారంట. అప్పట్నుంచి మా అమ్మ అంటా ఉండే సామెత ఒకటి సగమే గుర్తొచ్చి వేధిస్తా ఉంది. “కాసు లేనివాడు గవ్వకు కొరగాడు” అనేదా, “కాణీకి కొరగాడు” అనేదా? ఎవరికైనా తెలుసా?

ఒంగోలు: టీచర్ చెప్పింది నిజమేనమ్మా. లాటిన్ కాప్సా, అంటే పెట్టె. దాన్నుంచి ఫ్రెంచి కేస్, దాన్నుంచి 1590ల నాటికి ఇంగ్లీషులో క్యాష్. మొదట డబ్బుపెట్టె పేరే, తర్వాత పెట్టెలోని డబ్బుకి ఆ పేరు అంటుకుంది. క్యాషియర్ కూడా ఆ ఇంటి మాటే.

నెల్లూరు: మాస్టారూ, మీరు సగమే చెప్పారు. ఇంగ్లీషులో క్యాష్‌లు రెండు. రెండోది మద్రాసు లెక్కల్లోది, 80 క్యాష్‌లు ఒక ఫణం, 42 ఫణాలు ఒక పగోడా అనే బంగారు నాణెం. అది నూటికి నూరుపాళ్ళూ కాసే. 1809లో అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ ఇంగ్లండు తీరంలోనే మునిగింది, దాంట్లో ఉన్నవి మద్రాసుకు పంపుతున్న ఈ ఈస్టిండియా కుంపిణీ రాగి క్యాష్‌లే.

ఒంగోలు: కాసులో ఉన్నది ‘స’. క్యాష్‌లో ‘ష’ ఎక్కడిది మరి? అది చెప్పండి.

నెల్లూరు: పోర్చుగీసువాళ్ళది. కాసుని వాళ్ళు ‘కైష’ అన్నారు. వాళ్ళ భాషలో కైష అంటే పెట్టె! తెలియని మాట చెవినబడితే తెలిసిన మాటలోకి దించేసుకున్నారు. అందుకే రెండు క్యాష్‌లూ ఇంతగా కలిసిపోయాయి.

కందుకూరు: ‘ష’ కోసం పోర్చుగల్ దాకా ఎందుకండీ, సంస్కృతంలో కర్షం ఉందిగా, తూకం పేరు, నాణెం పేరు కూడా. కర్షమే కాసు అయిందని నా నమ్మకం.

నెల్లూరు: కర్షం నుంచి కాసు వచ్చినా ‘ష’ పోయి ‘స’ అయ్యాకే కదండీ పరదేశి చెవిన పడింది. పోయిన ‘ష’ మళ్ళీ ఎలా వస్తుంది? ఇంకో సంగతి, గోదావరి వైపు బంగారం కాసుల్లో కొంటారు, మనం సవరల్లో కొంటాం. సవర అంటే ఇంగ్లీషు సావరిన్. మన నాణెం పేరు వాళ్ళకిచ్చి వాళ్ళ నాణెం పేరు మనం తెచ్చుకున్నాం.

అద్దంకి: కాసు సరే, మన నెల్లూరు గడ్డ మీద అసలు పలికిన మాట మాడ, అంటే బంగారు నాణెం. నెల్లూరు ఏలిన గండగోపాలుడి పేరుతో మాడలుండేవి, శాసనాల్లో కనపడతాయి. తిక్కన కాలం అది. నెల్లూరు రాజు మనుమసిద్ధి తిక్కనని మామా అని పిలిచేవాడు, “ఏ నిన్ను మామ యనియెడు దీనికిఁ దగ నిమ్ము భారతీ కన్యక నాకు” అని అడిగాడు చూడండి, రాజు కావ్యాన్ని పిల్లనడిగినట్టు అడగడం! మాడలు గుమ్మరించి కొనుక్కోలేదు, వరస కలిపి అడిగాడు. ఈ పద్యం చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

కందుకూరు: “నాకు” కాదు సార్, “నాకీ నర్హుఁడవు”. ఆ ‘ఈన్’ తీసేస్తే పద్యం కుంటుతుంది. ఈనర్హుడవు, అంటే ఇవ్వదగినవాడివి.

అద్దంకి: ఒప్పుకున్నాను. నోటికొచ్చింది రాశాను, ‘ఈన్’ ఉండాల్సిందే.

కావలి: అందరికీ థాంక్స్ అండీ, పాపకి రెండు క్యాష్‌ల సంగతీ చెప్తాను. కానీ నా గవ్వా కాణీ అలాగే ఉండిపోయింది.

ఒంగోలు: కాణీ అంటే రూపాయిలో 64వ వంతు, 1957లో కొత్త పైసలు వచ్చేదాకా జనం చేతుల్లో ఆడింది. గవ్వ అంతకన్నా చాలా పాతది. మా నాయనమ్మ కాణీ అనేది. మీ అమ్మగారి పుట్టిల్లు ఏ ఊరమ్మా?

కావలి: ఉదయగిరి పక్కన.

నెల్లూరు: అటువైపు గవ్వే అంటారు.

కందుకూరు: మాదీ ఆ పక్కే. మేం కాణీ అంటాం.