సిస్టిక్ ఫైబ్రోసిస్‌కి యాంటీబాడీ రక్తపరీక్ష రాస్తున్నారు, ఏం చేయాలి?

కొత్తపేట ల్యాబ్, గుంటూరు:
నమస్తే అండీ. ఈమధ్య చీటీల మీద "సీఎఫ్ యాంటీబాడీ" (సీఎఫ్ అంటే సిస్టిక్ ఫైబ్రోసిస్) అని రాసి పంపుతున్నారు. ఇప్పుడు వచ్చింది 14 నెలల పాప. వదలని దగ్గు, జిడ్డుగా నీళ్ల మీద తేలే విరేచనం, బరువు 6.8 కిలోలు. అలాంటి ఎలైజా కిట్ (రక్తంలో యాంటీబాడీ కొలిచేది) ఎక్కడా దొరకలేదు. బదులుగా రక్తంలో ఐఆర్‌టీ (ట్రిప్సినోజెన్ అనే క్లోమం పదార్థాన్ని కొలిచే పరీక్ష) చేయొచ్చా? చెమటలో ఉప్పు (క్లోరైడ్) కొలిచే పరీక్షే చేయాలంటే ఏమేం చూసుకోవాలి?

పిల్లల డాక్టర్, విజయవాడ:
ఆ కిట్ లేదండీ, వెతకడం ఆపేయండి. డెంగీలో యాంటీబాడీ చూస్తున్నామంటే, బయట నుంచి వచ్చిన వైరస్ మీద ఒళ్లు దాన్ని తయారు చేస్తుంది కాబట్టి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అంటుకునే జబ్బు కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, సీఎఫ్‌టీఆర్ జన్యువు రెండు కాపీలూ చెడితే వస్తుంది. జబ్బు తేల్చే యాంటీబాడీ అంటూ రక్తంలో ఏదీ పుట్టదు.

ఐఆర్‌టీలో యాంటీబాడీ ఉన్న మాట నిజమే, కానీ అది ఉండేది కిట్‌లో. క్లోమనాళాలు చిక్కటి స్రావంతో పూడుకుపోయి ట్రిప్సినోజెన్ రక్తంలోకి చేరుతుంది, కిట్‌లోని యాంటీబాడీ దాన్ని పట్టి కొలుస్తుంది. అది పసికందుల పరీక్ష: పుట్టిన 48–72 గంటలకి మడమ నుంచి కార్డు మీద చుక్కలు తీసి, నీడలో 3–4 గంటలు ఆరబెట్టి పంపాలి. మే నెల ఎండలో కార్డు బండి డిక్కీలో ఉండిపోతే ట్రిప్సినోజెన్ చెడి అంకె దిగుతుంది. అంకె ఎక్కువ వచ్చినా జబ్బు ఖాయం కాదు, నెల తక్కువ పిల్లల్లో, ఒక్క కాపీ మాత్రమే చెడిన పిల్లల్లో కూడా పెరుగుతుంది. మెకోనియం (పుట్టిన బిడ్డ మొదటి మలం) అడ్డుపడి పేగు మూసుకుపోయిన బిడ్డకైతే జబ్బున్నా తక్కువ రావచ్చు.

రెండు నెలలు దాటాక జబ్బున్న బిడ్డలోనూ అది పడిపోతుంది. 14 నెలల పాపకి చేసి "నార్మల్" అని కాగితం ఇస్తే ఇంట్లోవాళ్లు ఆ కాగితాన్నే నమ్ముకుని కూర్చుంటారు. దయచేసి చేయకండి.

చెమట పరీక్ష టెక్నీషియన్, విజయవాడ:
రెండు ఎలక్ట్రోడ్లూ ఒకే చేతికి, ముంజేతి లోపలి వైపు కట్టాలి. కరెంటు గుండె మీదుగా పోకూడదు. పైలోకార్పిన్ (చెమట పట్టించే మందు) ప్యాడ్ ప్లస్ వైపు ఉండాలి, తారుమారైతే మందు చర్మంలోకి దిగదు, చెమటే రాదు. మాక్రోడక్ట్ లాంటి మెషీన్‌లో 1.5 మిల్లీఆంప్స్, 5 నిమిషాలు. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక చెమట పట్టే కాయిల్ బిగించండి. సేకరణ 30 నిమిషాలు, అంతే. చెమట రాలేదని ముప్పావుగంట ఉంచకండి.

కాయిల్‌లో కనీసం 15 మైక్రోలీటర్లు, గాజ్ గుడ్డ (కట్టు కట్టే పల్చటి గుడ్డ) పద్ధతైతే 75 మిల్లీగ్రాములు రావాలి. రెండో చేతికీ విడిగా చేయండి. రెండు చేతులవీ కలిపి "సరిపోయింది" అనిపించుకోవడం తప్పు. తక్కువ వస్తే రిపోర్టులో "శాంపిల్ చాలలేదు" అనే రాయాలి, అంకె వేయకూడదు.

మన దగ్గర ఎక్కువ దెబ్బతీసేది ఆవిరి. పట్టీ వదులుగా ఉండి పైన ఫ్యాన్ తిరుగుతుంటే నీరు పోయి ఉప్పు మిగులుతుంది, మామూలు బిడ్డకీ క్లోరైడ్ పెరిగి కనిపిస్తుంది. గాజ్ గుడ్డని పట్టకారుతోనే తీయండి, మీ వేలి చెమట కూడా ఉప్పే. ఎగ్జిమా ఉన్న చోట, ఆక్సిజన్ పెట్టిన బిడ్డకి అసలు చేయొద్దు.

క్లోరైడ్ లీటరుకి 60 మిల్లీమోల్స్ లేదా పైన వస్తే సీఎఫ్ వైపే. 30 నుంచి 59 మధ్య అయితే మళ్లీ చేసి, జన్యు పరీక్షకి పంపాలి. 30 లోపు అయితే అవకాశం తక్కువ.

కొత్తపేట ల్యాబ్, గుంటూరు:
కండక్టివిటీ (చెమటలో కరెంటు ఎంత పారుతుందో చూసే) మెషీన్ అంకెనే క్లోరైడ్ అని ఇవ్వొచ్చా అండీ?

చెమట పరీక్ష టెక్నీషియన్, విజయవాడ:
ఇవ్వకూడదు. అది క్లోరైడ్ కంటే సుమారు 15 ఎక్కువ చూపిస్తుంది. "కండక్టివిటీ" అని విడిగా రాసి, క్లోరైడ్ కొలిచే చోటికి పంపండి.

పిల్లల డాక్టర్, విజయవాడ:
పాప బరువు చూస్తే ఇంకో మాట. పోషణ బాగా తగ్గిన పిల్లల్లో క్లోరైడ్ తప్పుగా పెరగొచ్చు, కాళ్ల వాపు ఉంటే తప్పుగా తగ్గొచ్చు. కోలుకున్నాక మళ్లీ చేయాలి. ఈలోపు మలంలో ఎలాస్టేజ్ (క్లోమం ఎంజైమ్) పంపండి, గ్రాముకి 200 మైక్రోగ్రాముల లోపు వస్తే క్లోమం సరిగా పనిచేయడం లేదని అర్థం. నీళ్ల విరేచనం తీసుకోకండి, పల్చబడి తప్పుగా తక్కువ చూపిస్తుంది. సీలియాక్ (గోధుమ పడని పేగు జబ్బు) కూడా ఇలాగే కనిపిస్తుంది, టీటీజీ ఐజీఏ అనే యాంటీబాడీ రక్తపరీక్ష పనికొచ్చేది దానికి. ఆ పేరు ఈ పేరు కలిసిపోయి మీ చీటీ పుట్టి ఉండొచ్చు.

జన్యు పరీక్షకి వెళితే జన్యువు మొత్తం చదివేదే అడగండి. యూరప్‌లో ఎక్కువగా కనిపించే ఎఫ్508డెల్ అనే జన్యు లోపానికి మన పిల్లల్లో అంత వాటా ఉండదు, కొన్ని లోపాలనే చూసే చిన్న ప్యానెల్‌లో చాలా జారిపోతాయి.

సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బొనేట్ మాత్రం ఇవాళే చూడండి. ఈ ఎండల్లో చెమటతో ఉప్పు పోయి పొటాషియం, క్లోరైడ్ పడిపోయి, బైకార్బొనేట్ పెరిగి బిడ్డ వాడిపోతుంది. అలా వస్తే ఆగకుండా ఆసుపత్రికి పంపండి. చీటీ రాసినవారికి ఫోన్ చేసి "యాంటీబాడీ" కొట్టేయించి, "చెమటలో క్లోరైడ్, రెండు చేతులూ" అని రాయించుకోండి.