సింగపూర్‌లో ఊగిన దీపం, హనుమకొండలో మోగిన బోళ్లు

ప్రశ్న (హనుమకొండ వాసి):
2024 డిసెంబర్ 4న ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు మా వంటింటి సజ్జ మీది బోళ్లు గలగలమన్నాయి. మేము వాకిట్లోకి వచ్చేలోపే అంతా సద్దుమణిగింది. సింగపూర్‌లో ఇరవై రెండో అంతస్తులో ఉంటున్న మా అమ్మాయి మాత్రం ఒకసారి తన ఇంట్లో వేలాడే దీపం చాలాసేపు ఊగిందనీ, కింద దుకాణంలో ఉన్నవారికి ఏమీ తెలియలేదనీ చెబుతోంది. ఆ ద్వీపానికి భూకంప భయం లేదంటారు కదా, తాను ఏం జాగ్రత్త పడాలి?

జవాబు (సింగపూర్‌లో ఇంజినీరు, స్వస్థలం కరీంనగర్):
అన్నగారూ, కదలిక పుట్టేది ఇక్కడ కాదు, ఇండోనేషియాలోని సుమత్రా ద్వీపంలో. వందల కిలోమీటర్లు దాటి వచ్చేసరికి వేగంగా కొట్టుకునే తరంగాలు నీరసించి, నెమ్మదిగా ఊగేవే మిగులుతాయి. ఎత్తైన భవనాల సహజమైన ఊపు కూడా అంతే నెమ్మదిది కావడంతో రెండూ కలిసి పై అంతస్తులను ఊయలలా ఊపుతాయి. ఇక్కడి కల్లాంగ్ పరిసరాల మెత్తటి సముద్రపు బంకమన్ను ఆ ఊపును ఇంకా పెంచుతుంది. 2009 సెప్టెంబర్ 30న సుమత్రాలోని పడాంగ్ నగరం దగ్గర 7.6 తీవ్రతతో భూకంపం వచ్చి అక్కడ వెయ్యిమందికి పైగా మరణించిన రోజు, ఇక్కడ కొన్ని భవనాల నుంచి జనం కిందికి దిగారు. ఊగుతున్నంతసేపు గాజు కిటికీలకు దూరంగా బల్ల కిందికి చేరమనండి, లిఫ్టు ఎక్కవద్దనండి.

జవాబు (విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్):
మన దగ్గర లెక్క తలకిందులు. గోదావరి పగులు లోయ, అంటే భూమి పొర చీలి కుంగిన పొడవాటి పట్టీ, మన పక్కనే ఉంది. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో కంపించింది కూడా ఆ లోయలోనే. దగ్గరి నుంచి వచ్చే కుదుపు పొట్టిది, వేగమైనది, అందువల్ల మేడలకన్నా పొట్టి ఇళ్లనే ఎక్కువగా పట్టుకుంటుంది. ప్రమాదం తక్కువన్న మహారాష్ట్రలోని కిల్లారిలో 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున భూకంపం వచ్చి, మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు నిద్రలో ఉన్నవారి మీద కూలాయి. నిజానికి నేను అడగవలసింది మీ ఇంటి గురించే.

ప్రశ్న అడిగినవారు:
పరకాల దగ్గర మా పాత పెంకుటిల్లు అలాంటి గోడలదే, సార్. అమ్మ అక్కడే ఒంటరిగా ఉంటోంది.

అధ్యాపకుడు:
మొదట అమ్మగారి మంచాన్ని ఆ గోడ పక్క నుంచి జరపండి, తలవైపు సజ్జ మీద బరువులు ఉంటే ఈరోజే దింపించండి. మూలల్లో పగుళ్లు ఉంటే ఫొటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.