‘సేయకునికి’, ‘చేయుడి’: టొలీడో మేయరు గోడమీది వాక్యం

నిన్న గ్రూపులో, అమెరికాలోని టొలీడో నగర మేయరు ‘గోల్డెన్ రూల్ జోన్స్’ బిరుదులోని ‘గోల్డెన్ రూల్’కి (ఎదుటివారు మనకేం చేయాలని కోరుకుంటామో మనమూ వారికి అదే చేయాలన్న నియమానికి) తెలుగేమిటని అడిగారు. తిక్కనగారి కందం ఉండగా వేరే మాట ఎందుకని చాలామంది అన్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను.

ఒరులేయవి యొనరించిన
నరవర! యప్రియము తన మనంబున కగుఁ దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మ పథముల కెల్లన్

ఇందులో ఆజ్ఞ లేదు, చూడండి. సేయక, ఉనికి: ఇతరులు ఏవి చేస్తే తన మనసుకు అప్రియమో, వాటిని తాను ఇతరులకు చేయకుండా ఉండడం. ఆ ఉండడమే ధర్మమార్గాలన్నిటికీ పరాయణం, అంటే పరమాశ్రయం. (‘పారాయణం’ అని చదువుతున్నారు కొందరు, అది వేరే మాట.) బైబిల్లోని మత్తయి 7:12 తీరు వేరు: ‘మనుష్యులు మీకు ఏమి చేయవలెనని మీరు కోరుదురో ఆలాగుననే మీరును వారికి చేయుడి.’ ఇది సూటిగా విధి.

ఈ రెండోదాన్నే శామ్యూల్ జోన్స్ ఒహాయో రాష్ట్రం టొలీడోలో తన కర్మాగారం గోడకు తగిలించాడు. 1846లో వేల్స్‌లో పుట్టి, మూడేళ్లకే అమెరికా చేరి, చమురు బావుల్లో చెమటోడ్చి, చివరికి బావుల్లోంచి చమురు తోడే కడ్డీల కర్మాగారం పెట్టాడు. మిగతా ఫ్యాక్టరీల గోడలమీద ‘ఇది చేయరాదు, అది చేయరాదు’ అని బారెడు జాబితాలుండే రోజులవి. జోన్స్ గోడమీద ఈ ఒక్క వాక్యమే. పని ఎనిమిది గంటలు, సెలవులకూ జీతం. దాంతో ‘గోల్డెన్ రూల్ జోన్స్’ అని పేరుపడ్డాడు. 1897లో మేయరయ్యాడు. 1899లో రిపబ్లికన్ పార్టీ టికెట్టివ్వకపోతే ఇండిపెండెంటుగా నిలబడి గెలిచాడు. 1904లో పదవిలో ఉండగానే కన్నుమూశాడు.

నా ఆలోచన మారింది అతను పోలీసుల విషయంలో చేసిన పని చదివాక. వాళ్ల చేతుల్లోని లాఠీలు తీయించి, తేలికపాటి చేతికర్రలు ఇప్పించాడు. పిల్లలకు ఆటస్థలాలు పెట్టించడం ‘చేయుడి’కి సరిపోతుంది. లాఠీ తీసేయడం మాత్రం అచ్చంగా ‘సేయకునికి’. దెబ్బ తన ఒంటిమీద పడితే ఎలా ఉంటుందో తలచుకుని, ఎదుటివాడి మీద పడకుండా చూడడం. ‘తన మనంబున కగు’ అన్న ముక్కకు ఇంతకంటే మంచి టీక నేను చూడలేదు.

కాబట్టి నా మాట ఇది. జోన్స్ బిరుదును తెలుగు చేయాలంటే ‘బంగారు సూత్రం’ అనే రాయండి. తిక్కన పద్యాన్ని ఆ గోడమీది వాక్యానికి అనువాదంగా పెట్టకండి. లాఠీల కథ దగ్గర పెట్టండి.