చేర్యాల మాస్కుల కార్యక్రమం: బల్ల కావాలా, చాపలు చాలా?

చింతగింజ (ఆదివారం రాత్రి)
మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఈరోజు 14 మందిమి ఒకే పొడవాటి బల్ల చుట్టూ కూర్చుని చేర్యాల మాస్కులకు రంగులేశాం. కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో ముక్కు, పెదవులు తీర్చి ఆరబెట్టినవి ఈ బొమ్మలు చేసే నకాషీ కళాకారుడు, ఓ పెద్దాయన, ఇంటి నుంచే తెచ్చారు. ఒక్క ముక్కు మాత్రం మా ముందే బొటనవేలితో నొక్కి చూపించారు. చూస్తుండగానే చిప్పకు మొహం వచ్చింది. అంతా బాగుంది కానీ, వచ్చేసారి బల్ల వద్దు, చాపలు వేద్దాం. ఏమంటారు?

ఐదో అంతస్తు
బల్ల వేయించింది నేనే. మా అమ్మకు 71 ఏళ్లు, మోకాళ్లు వంగవు. చాపలంటే ఆవిడను రావద్దన్నట్టే. 6 ఏళ్లుగా లిఫ్టులో పలకరించుకోనివాళ్లు ఈరోజు ఒకే గిన్నెలో కుంచెలు ముంచి కబుర్లు చెప్పుకున్నారు. ఎదురెదురుగా కూర్చోబట్టే కదా?

బాల్కనీ తోట
రెండూ వేస్తే సరిపోతుంది.

చింతగింజ
మోకాళ్ల సంగతి కాదండీ. ఇంతకీ ఏం మాట్లాడుకున్నాం? స్కూలు ఫీజులు, నీళ్ల ట్యాంకర్లు. నకాషీలు గుడ్డ మీద బొమ్మలు వేసే చేర్యాల పటం పుట్టిందే కథ చెప్పడానికి. 3 అడుగుల వెడల్పు, 40 అడుగులు దాటే పొడవు. గుడ్డకు గంజి, సుద్దమట్టి పట్టించి, ఎర్రరంగు పరిచి వరసగా బొమ్మలు వేసేవారు. కథకులు ఊళ్లో దాన్ని కొంచెం కొంచెం విప్పుతూ పాడేవారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ. ఊరంతా కింద కూర్చునే విన్నారు.

రంగు డబ్బా
నా 600 రూపాయలకు సగం రంగేసిన మాస్కు మిగిలింది. పసుపు మా వైపు రానేలేదు. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

ఐదో అంతస్తు
మోకాళ్ల సంగతి కాదా? అంటే మా అమ్మ లెక్కలో లేదన్నమాట. రెండు వారాలు తిరిగి పెద్దాయన్ను ఒప్పించింది నేను. గిన్నెలు కడిగేటప్పుడు మీరు కనిపించలేదు.

చింతగింజ
గిన్నెలు కడిగింది మీరూ కాదు, నేనూ కాదు. మన హౌస్‌కీపింగ్ అక్క. ఇక చెప్పేస్తాను. పెద్దాయన సంచిలోంచి చిన్న పటం తీసి, "ఇది జాంబపురాణం, డక్కలివాళ్లు మాదిగలకు చెప్పే కథ" అనగానే మీరు, "ఇప్పుడు అవన్నీ ఎందుకండీ, రంగుల గురించి చెప్పండి" అన్నారు. ఆయన మారుమాట్లాడకుండా చుట్టేశారు. ఆ అక్క తడి చేతులతో గుమ్మం దగ్గర నిలబడి, "మా ఊళ్లో చిన్నప్పుడు విన్నా" అని మొదలుపెట్టింది. ఎవరూ తల తిప్పలేదు. లోపలికి వెళ్లిపోయింది. పెద్దాయనకు కుర్చీ కూడా లేదు, 3 గంటలూ నిలబడే ఉన్నారు. చాపలైతే ఆయనా మనతో కూర్చునేవారని నా బాధ.

బాల్కనీ తోట
కుర్చీ లేదా? నేనూ చూసుకోలేదు. సిగ్గుగా ఉంది.

ఐదో అంతస్తు (సోమవారం ఉదయం)
అవును, అన్నాను. ఎందుకన్నానో వినండి. హాస్టల్లో చేరిన రోజు ఇంటిపేరు అడిగారు, ఊరడిగారు, చివరికి అడగదలచుకున్నదే అడిగారు. మర్నాటి నుంచి నా పక్క మంచం ఖాళీ. ఆ కథ మా తాత విన్న కథే. నిన్న నా పక్కన మా అబ్బాయి ఉన్నాడు, వాడికి 9 ఏళ్లు. కథ అయ్యాక "మీరేమిట్లు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. మీకది కళ. నాకు గుండె దడ.

చింతగింజ
నాకు తెలియదండీ. క్షమించండి. కానీ ఆయన్ను ఆపడంతో ఆ అక్క మాట కూడా ఆగిపోయింది కదా.

ఐదో అంతస్తు
ఆగిపోయింది. రాత్రి నిద్ర పట్టలేదు. అయినా పటం విప్పమని మీరు అడగగలరు, నేను అడగలేను. వచ్చే నెల విప్పిస్తే నేను వస్తాను. అబ్బాయిని మాత్రం తీసుకురాను.

రంగు డబ్బా
పెద్దాయనకు కుర్చీ నేను తెస్తాను. ఆ అక్కను ఎవరు పిలుస్తారు?